చెరకు పులుపు

పాడేరు ఏజెన్సీ, బడి క్వార్టర్సు
22 డిసెంబరు 2024

పూజ్యులైన అత్తయ్యగారికి,

శ్రీవల్లి నమస్కరించి రాస్తున్నది. మీరూ మామయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఫోనుకి సిగ్నల్ లేదు. బడి వెనక కొండెక్కితే ఒక గీత కనిపిస్తుంది, హలో అనేలోపు అదీ పోతుంది. ఉన్నా ఈ మాటలు ఫోనులో నా నోట రావు. మీ అబ్బాయి ఫణి రెండో శనివారాల్లో వస్తున్నారు గానీ ఆయన చేతికివ్వడం లేదు. ఇస్తే దారిలోనే చదివేసి మన ఇద్దరి మధ్యా రాయబారం మొదలుపెడతారు. మాడుగుల మీదుగా వెళ్ళే బస్సు కండక్టరు బంగార్రాజుగారు చోడవరంలో మీ చేతికే ఇస్తానన్నారు.

కార్తీకమాసంలో పేరంటం రోజున నేను మీ చెరకు పులుపు జాడీ పారబోశాను. అది ముప్ఫై ఎనిమిదేళ్ళ జాడీ అని తెలుసు. ఏటా బుచ్చయ్యపేట పొలంలో గానుగాడిన మొదటి రసం అందులోనే పడుతుందని, మన ఇంట్లో ఉగాది పచ్చట్లో చింతపండు వెయ్యరు, ఆ పులుపే వేస్తారని పెళ్ళయిన వారంలోనే మీరు చెప్పారు. అన్నీ తెలిసే పారబోశాను. పైన తేలే పొర నల్లబడి దాని మీద ఆకుపచ్చ బూజు లేచింది. ఇంటికి నలుగురూ వస్తున్నారు కదా అని కడిగి బోర్లించాను. మిమ్మల్ని అడిగి ఉండాల్సింది.

ఆ నలుగురి ముందూ మీరన్న మాటలు ఇక్కడ మళ్ళీ రాయను. "ముప్ఫై ఎనిమిదేళ్ళది మూడు నిమిషాల్లో పారబోసింది, ఇంక ఈ కొంపలో ఏం మిగులుస్తుందో" అన్నది మాత్రం నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది. పై వారం సంతలో పక్కింటి సంధ్యారాణిగారు నన్ను ఎవరికో చూపిస్తూ, "ఈ గుంటేనండీ, అత్తగారి జాడీ పారబోసిన కోడలు" అన్నారు. నాకు ఈ కొండ మీద పోస్టింగ్ వచ్చినప్పుడు అందరూ అయ్యో అన్నారు గానీ నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. కొత్తగా పులుపు మొదలుపెట్టడం ఎలాగో రాయండి. ఉగాది మార్చి ముప్ఫైన. అప్పటికి చెరకు పులుపు మీ వంటింట్లో పెట్టగలిగితే ఆ గుమ్మం లోపలికి వస్తాను. పెట్టలేకపోతే నన్ను పండక్కి పిలవకండి.

ఇట్లు,
శ్రీవల్లి


చోడవరం
30 డిసెంబరు

చి.ల.సౌ. శ్రీవల్లిని దీవించి రాస్తున్నాను.

ఉత్తరం అందింది. ఆ బంగార్రాజు వీధి మలుపులోంచే "అమ్మగారో! కొండ మీద కోడలమ్మ ఉత్తరం అంపించింది!" అని కేకేశాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి సంధ్యారాణి వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉంది. జెల్ పెన్నుతో రాయకు. వంటింట్లోంచి తడిచేత్తో వచ్చి అందుకున్నాను, మొదటి పేజీ సగం అలికిపోయింది. బాల్ పెన్ను కొనుక్కో.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇది మా అత్తగారు నాకు చెప్పింది, ఆవిడ కాగితం మీద పెట్టలేదు, నేనూ ఇదే మొదటిసారి రాయడం.

అప్పుడే ఆడిన చెరకు రసం కావాలి. రోడ్డు మీద అల్లం, నిమ్మకాయ, ఐసు వేసి అమ్మేది పనికిరాదు. బుచ్చయ్యపేటలో మన పొలం చేసే చిన్నతల్లికి కబురు పెట్టాను, అయిదు లీటర్లు బంగార్రాజుకి అందిస్తుంది. పల్చటి గుడ్డలో వడగట్టి జాడీలో పొయ్యి. మెడ దాకా నింపకు, జానెడు ఖాళీ ఉండాలి. మూతికి పాత పంచె గుడ్డ కట్టు, అంతే. మూత బిగించకు. ఆవకాయకి అలవాటుపడ్డ చేతులు మనవి, జాడీ చూడగానే బిగించెయ్యాలనిపిస్తుంది. ఆవకాయకి గాలి తగిలితే పాడు, దీనికి గాలి తగలకపోతే పాడు. మళ్ళీ రాస్తున్నాను, మూత బిగించకు.

మూడు వారాలు పొంగుతుంది, కల్లు వాసన వేస్తుంది. కంగారుపడకు. ఆ తర్వాత పులుపు తిరుగుతుంది. పైన మీగడలా పల్చటి పొర కడుతుంది. అది కట్టాక జాడీని కదపకు. తడి గరిటె పెట్టకు. అక్కడ చలి ఎక్కువ కాబట్టి పొయ్యి ఉండే గదిలో ఉంచు. పదో రోజున, ఇరవయ్యో రోజున, ఆ తర్వాత వారం వారం ఏ వాసన వేస్తోందో నాకు రాయి. బాగుందనో బాలేదనో కాదు, దేనిలా ఉందో రాయి.

ఇంకో మాట. ఆ రోజు మా జాడీ మూతి గుడ్డ విప్పినప్పుడు నీకు వాసన ఏమైనా వచ్చిందా? గుర్తు చేసుకుని ఉన్నదున్నట్టు రాయి. ఊరికే అడుగుతున్నాను.

వరహాలక్ష్మి


పాడేరు ఏజెన్సీ
25 జనవరి 2025

అత్తయ్యగారికి నమస్కారాలు.

రసం వచ్చింది. అయిదు లీటర్లు బయల్దేరి మూడు లీటర్లు వచ్చింది. చిన్నతల్లి ప్లాస్టిక్ కేనుకి మూత బిగించి, పైన కవరు చుట్టి, దాని మీద పురికొస కట్టి పంపింది. రసం దారిలోనే పొంగడం మొదలుపెట్టి, ఘాట్ రోడ్డు మూడో మలుపులో మూత టపాకాయలా పేలిందట. ముందు సీట్లో కొత్త చొక్కా వేసుకుని పెళ్ళిచూపులకి వెళ్తున్న ఒకాయనకి తలంటు అయింది. బంగార్రాజుగారు కేను నా చేతిలో పెట్టి, "మేడమ్‌గారూ, మీకో దండం. బస్సు మొత్తానికి అభిషేకం అయిపోనాది, ఇంకెప్పుడూ ఈ కేను ఎక్కించను" అన్నారు. ఆ చూపులు ఏమయ్యాయో కనుక్కోవాలి. మూత బిగించకు అని మీరు రెండుసార్లు ఎందుకు రాశారో నాకు బాగా అర్థమైంది. ఈ జన్మలో బిగించను.

జాడీ హాస్టల్ వంటింట్లో పొయ్యికి రెండు మూరల దూరంలో పెట్టాను. వంట చేసే అప్పలనరసమ్మగారు మొదట వద్దన్నారు, "అత్తగారి కోసమేటి? అయితే ఎట్టుకో తల్లీ, నానూ కోడలిగా సేసినదాన్నే" అని చోటిచ్చారు.

పదో రోజు: అరటిపండు బాగా మగ్గి తొక్క నల్లబడితే వచ్చే వాసన. ఇరవయ్యో రోజు: కల్లు. నేను కల్లు ఎప్పుడూ వాసన చూడలేదు, అప్పలనరసమ్మగారు చెప్పారు. ఇవాళ కూడా కల్లే గానీ చివర్న ముక్కులో చిన్న చురుకు.

ఇక మీరడిగినది. మీరు ఊరికే అడగరని తెలుసు. విచారణే అయితే నా సాక్ష్యం ఇది. గుడ్డ విప్పగానే గోళ్ళరంగు వాసన గుప్పుమంది, దాని వెనక నాలుగు రోజులు నీళ్ళలో ఉన్న ఉల్లిపాయ వాసన. అందులో పులుపన్నది లేదు. పారబోశాక, ఇంకా ఉతకని ఆ గుడ్డ తెచ్చి మీకు చూపించాను, "వాసన వేస్తోందత్తయ్యా" అన్నాను. మీరు నా ముందే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏటీ లేదు, నీకు పులుపు వాసనకీ కుళ్ళు వాసనకీ తేడా తెలీదు" అన్నారు. నలుగురూ నవ్వారు. నిజంగానే తెలీదేమో అని రెండు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను.

బాల్ పెన్ను ఇక్కడ దొరకలేదు. పిల్లలందరి దగ్గరా జెల్ పెన్నులే.

శ్రీవల్లి


చోడవరం
27 జనవరి

చి.ల.సౌ. శ్రీవల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాసన సంగతి రాశావు, సరే.

ముక్కులో చురుకు మొదలైందంటే దారిలో పడ్డట్టే. కదపకు. పొర ఎప్పుడు కడుతుందో చూడు. తెల్లగా, తడి గుడ్డలా ఉంటే మంచిది. వెంట్రుకల్లా లేచి రంగు తిరిగితే మంచిది కాదు.

మీ మామయ్యగారు ఈ మధ్య పప్పు మాడినా నోరెత్తడం లేదు. రిటైరయ్యాక మనిషికి బుద్ధి వచ్చినట్టుంది. ప్రతి ముద్దకీ ఊరమిరపకాయ నంజుకుంటున్నారు. ఫణి కూడా అనకాపల్లి బ్యాంకు నుంచి వచ్చేటప్పుడు హోటలు కూర పొట్లం తెచ్చుకుంటున్నాడు. అడిగితే స్నేహితుడి పుట్టినరోజు అంటాడు. వారానికి మూడు పుట్టినరోజులు.

సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ డ్యూటీ పడిందన్నారట, ఫణి చెప్పాడు. చలికి జాగ్రత్త. స్వెట్టరు పంపనా?

వరహాలక్ష్మి


పాడేరు ఏజెన్సీ
9 ఫిబ్రవరి

అత్తయ్యగారికి,

స్వెట్టరు వద్దు, ఉంది. అడిగినందుకు సంతోషం.

ఇక్కడ పెద్ద గొడవై తేలింది. కొత్త టీచరమ్మ వంటింట్లో కల్లు పులియబెడుతోందని ఎవరో హెడ్మిస్ట్రెస్‌గారి చెవిన వేశారు. ఆవిడ మంచావిడే, కానీ ఆడపిల్లల హాస్టల్. మెమో ఇస్తానన్నారు. పులుపు సంగతి తర్వాత, ముందు ఉద్యోగం పోయేటట్టుంది. "ఇది కల్లు కాదండీ, కల్లు దాటిపోయింది" అంటే నమ్ముతారా?

అందుకని సైన్సు టీచర్ని కదా, పరీక్ష పెట్టాను. బడి కంచె మీద శంఖుపువ్వు తీగ ఉంది. నీలం పూలు నలిపి నీళ్ళలో వేశాను. నీలం నీళ్ళు. అందులో నిమ్మరసం పిండితే గులాబీ రంగు తిరిగాయి. ఇంకో గ్లాసులో జాడీలోంచి పొడి గరిటెతో తీసిన చెంచాడు పోశాను. అదీ గులాబీ అయింది. తొమ్మిదో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మిస్ట్రెస్‌గారు వేలితో తాకి నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించి, "ఏటమ్మా ఇంత పుల్లగుంది! ఇదా కల్లు అన్నారు?" అని నవ్వేశారు. మెమో బదులు, పిల్లలకి నేర్పించమన్నారు. వచ్చే సంవత్సరం ప్రతి తరగతీ ఒక నిల్వపచ్చడి పెట్టాలట. అప్పలనరసమ్మగారు ఇప్పటికే చింతకాయ తొక్కు తన వంతు అని చెప్పేశారు.

అత్తయ్యా, పొర కట్టింది! మొన్న పొద్దున్న గుడ్డ తీస్తే తెల్లగా, పల్చగా, మీరు రాసినట్టే తడి గుడ్డలా ఉంది. వాసన పులుపు, ఘాటు, వెనక చెరకు పిప్పి ఎండలో ఉన్నట్టు తియ్యటి వాసన. గంతులేశాను. ఇక్కడ నాతో గంతులెయ్యడానికి ఎవరూ లేక ఒక్కదాన్నే వేశాను.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మొదటి ఉత్తరం నుంచీ మీరు వాసనే అడుగుతున్నారు. ఏ వాసన ఏదో నాకంటే మీకే కదా తెలుసు? నన్ను పరీక్షిస్తున్నారా? నాకు తేడా తెలీదని మళ్ళీ అనడానికైతే ఆ మాట ఇప్పుడే అనెయ్యండి. అనరూ అంటే, ఎందుకు అడుగుతున్నారో చెప్పండి.

శ్రీవల్లి


చోడవరం
21 ఫిబ్రవరి

శ్రీవల్లీ,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ కాగితం తీస్తున్నాను, మళ్ళీ పెట్టేస్తున్నాను. ఇవాళ రాసేస్తాను.

నాకు వాసన తెలియడం లేదే.

భాద్రపదంలో జ్వరం వచ్చింది గుర్తుందా, నువ్వే మిరియాల చారు పెట్టావు. జ్వరం తగ్గింది, ముక్కు తిరిగి రాలేదు. పడిశం అనుకున్నాను. ఉప్పు, పులుపు, కారం నాలిక మీద తెలుస్తున్నాయి కాబట్టి వంట సాగిపోయింది. ఘాటైనది ముక్కు దగ్గర పెడితే మంట తెలుస్తుంది. మంట తెలిస్తే వాసన తెలిసినట్టే అనుకున్నాను. అది వేరు, ఇది వేరు అని నాకేం తెలుసు? నలభై ఏళ్ళుగా పోపు వాసనతో ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పినదాన్ని. నా ముక్కు పోయిందంటే నేనే ఒప్పుకోలేదు.

డిసెంబరులో, నీ మొదటి ఉత్తరానికి వారం ముందు, స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వదిలేసి అక్కడే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. సంధ్యారాణి పరిగెత్తుకొచ్చి, "పిన్నిగారూ, ఏటండీ ఇది, వీధంతా గ్యాసు కంపు కొడతంటే కూకున్నారూ!" అని కట్టేసి కిటికీలు తీసింది. అప్పుడు తెలిసింది. ఆ రాత్రి పడుకుంటే గ్యాసు గుర్తు రాలేదు, జాడీ గుర్తొచ్చింది. నువ్వు వాసన వేస్తోంది అన్నావు. నేను ముక్కు దగ్గర పెట్టుకుని ఏమీ లేదన్నాను. నిజమే, నా ముక్కుకి ఏమీ లేదు.

అందుకే నిన్ను అడిగాను. నువ్వు రాసిన గోళ్ళరంగు, కుళ్ళు ఉల్లి చదివాక ఇంక అనుమానం లేదు. ఆ జాడీ అప్పటికే చచ్చిపోయింది. కిందటేడు గానుగ రోజుల్లో నేను మోకాళ్ళ నొప్పని బుచ్చయ్యపేట వెళ్ళలేదు, కొత్త రసం పొయ్యలేదు. మోకాళ్ళ నొప్పన్నది వంకే గానీ, రసం పొయ్యలేదన్న సంగతి నాకు తెలుసు. దానికి తిండి పెట్టంది నేను, కుళ్ళితే కనిపెట్టలేనిది నేను. నువ్వు పారబొయ్యకపోతే ఆ పేరంటానికి వచ్చిన వాళ్ళకి ఆ పులుపు మామిడల్లం ముక్కల్లో వేసి పెట్టేదాన్ని. అచ్చియ్యమ్మ పెద్దమ్మకి ఎనభై మూడేళ్ళు.

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. ఇన్నాళ్ళూ దాన్ని కోడలిగానే విన్నాను. మా అత్తగారు అలాంటిది కాదు అని అందరికీ గొప్పగా చెప్పుకుని, నేను అలాగే తయారయ్యాను.

నిన్ను నలుగురిలో అన్నాను. తప్పు చేశాను శ్రీవల్లీ. నీ మొదటి ఉత్తరానికే ఇది రాయాల్సింది. భయమేసింది. ముక్కు లేని మనిషికి ఈ వంటింట్లో ఏం పని అని ఎవరైనా అంటారని. మీ మామయ్యగారితో నిన్న చెప్పాను. పేపరు దించకుండా, "నాకు దీపావళికే తెలుసు వరాలూ. సాంబారులో ఇంగువ రెండుసార్లు వేసేవు. నువ్వే చెప్తావని చూస్తన్నాను" అన్నారు. తెలిసి ఊరుకున్న మనిషితో రెండ్రోజులు మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాను.

అనకాపల్లిలో డాక్టరుకి చూపించాను. రావచ్చు, రాకపోవచ్చు, వస్తే మెల్లగా వస్తుంది అన్నాడు. లవంగం, నిమ్మతొక్క, కాఫీ పొడి, కర్పూరం, ఈ నాలుగూ పొద్దునా సాయంత్రం ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఎలా ఉండేదో తలుచుకోమన్నాడు. చేస్తున్నాను. కర్పూరానికి మంట వస్తోంది. మిగతావి కాగితం వాసన చూసినట్టే ఉంది.

జవాబు రాయాలనిపిస్తేనే రాయి.

మీ అత్తయ్య


పాడేరు ఏజెన్సీ
13 మార్చి

అత్తయ్యా,

మూడు వారాలు జవాబు రాయలేదు. రాయాలనిపించక కాదు. మొదటి రోజు కోపం వచ్చింది. చాలా వచ్చింది. నాలుగు నెలలు నేను నా ముక్కునే నమ్మలేదు. పిల్లలకి ల్యాబులో అమ్మోనియా చూపిస్తూ కూడా, ఇది అమ్మోనియానేనా అని లేబుల్ చదివేదాన్ని. మీరు డిసెంబరులోనే ఒక్క ముక్క రాసి ఉంటే ఎంత బాగుండేది. ఈ మాట దాచుకోను.

రెండో రోజు ఆ గ్యాసు సంగతి మళ్ళీ చదివాను. సంధ్యారాణిగారు రాకపోయి ఉంటే? నేను ఆ ఇంట్లో ఉండి ఉంటే నాకే వాసన వచ్చేది కదా. మీరు క్షేమంగా నా ముందుంటే చాలు, జాడీ ఏమైనా పర్వాలేదు అనిపించింది. ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాను. నేను పారబోసింది మంచి పులుపు కాదు. ఆ ఒక్క మాట ఎంత బరువు దించిందో మీకు తెలీదు. అప్పలనరసమ్మగారు "ఏటమ్మా, ఇవేళ మొకం ఎలిగిపోతంది?" అని అడిగారు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. సెలవుల్లో డ్యూటీ పడలేదు. నేనే అడిగి వేయించుకున్నాను.

అత్తయ్యా, ఒక్క కోరిక. ఇది ఉత్తరంలో నాకొక్కదానికే చెప్పారు. అన్నది నలుగురిలో. ఉన్నమాట కూడా ఆ నలుగురికీ చెప్పండి. సంధ్యారాణిగారికి, అచ్చియ్యమ్మగారికి, చిన్నతల్లికి. మీకు కష్టమని తెలుసు. ముక్కు సంగతి బయటపెట్టాలి. అయినా అడుగుతున్నాను. ఆ గుమ్మంలోకి తల వంచుకుని రావడం నాకు ఇష్టం లేదు.

పులుపు తయారైంది. బడికి సగం ఉంచి, సీసాలో లీటరున్నర పంపుతున్నాను, లోపల పొర ముక్క కూడా వేశాను. కొత్త రసం కలిపితే జాడీ మళ్ళీ మొదలవుతుంది. మీరు చెప్పినట్టే మూత బిగించలేదు, గుడ్డ మాత్రమే కట్టాను. ఉత్తరం పోకుండా సీసాకే చుట్టి దారం వేశాను. బంగార్రాజుగారిని బతిమాలి బతిమాలి ఒప్పించాను.

మీ శ్రీవల్లి


చోడవరం
19 మార్చి

ఒసే శ్రీవల్లీ,

నీ ఉత్తరం చదవలేదు. చదవడానికి ఒక్క అక్షరం మిగల్లేదు.

తయారైపోయిన పులుపుకి మూత బిగించొచ్చే పిచ్చిదానా! బిగించకూడనిది పొంగేటప్పుడు. ఆ మాట రాయడం నేను మరిచిపోయాను, నువ్వు నా మాట అక్షరాలా పట్టుకున్నావు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆ గుడ్డలోంచి కారుకుంటూ వచ్చింది సీసా. బంగార్రాజు ఈసారి కేక కూడా వెయ్యలేదు. గుమ్మంలో నిలబడి మెల్లగా, "అమ్మగారూ, పేలలేదు గానీ కారిపోనాది. ఇదిగో, మీ కోడలమ్మ ఉత్తరం కూడా ఇందులోనే నానింది" అని సంచి నా చేతిలో పెట్టాడు. మళ్ళీ జెల్ పెన్నే. కాగితమంతా నీలం చెరువు. చివర్న "శ్రీవల్లి" అన్నది మాత్రం సగం కనిపిస్తోంది. దాని ముందు "మీ" అని ఉందో, "ఇట్లు" అని ఉందో ఎంత చూసినా తెలియలేదు.

మూడు వారాలు నీ జవాబు కోసం ఎదురుచూసి, అది వచ్చేసరికి ఇలా అయిందని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆ తడికాగితం సీసా నుంచి ఊడదీస్తున్నాను. ముక్కులో మంట పుట్టింది. అది అలవాటే కదా అనుకున్నాను. ఆ మంట వెనక ఇంకేదో వచ్చింది. చాలా దూరం నుంచి ఎవరో పిలిచినట్టు. కళ్ళు మూసుకున్నాను. గానుగ దగ్గర ఎండబెట్టిన చెరకు పిప్పి. శ్రీవల్లీ, నాకు వాసన వచ్చిందే! మంట కాదు, వాసన! నువ్వు ఫిబ్రవరిలో రాశావే, పులుపు వెనక పిప్పి తియ్యగా ఉందని, అచ్చం అదే.

మీ మామయ్యగారిని అరిచి పిలిచాను. ఏమైందో అని చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. సంగతి చెబితే పెట్టెలోంచి లవంగం తెచ్చిచ్చారు. ఏమీ లేదు. కాఫీ పొడి, ఏమీ లేదు. నిమ్మతొక్క, ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. మళ్ళీ నీ కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాను, మళ్ళీ వచ్చింది. ఇద్దరం అక్కడే గుమ్మంలో కూర్చుని ఏడ్చాం. సంధ్యారాణి చూసి ఎవరో పోయారనుకుని వచ్చేసింది.

ఆ సంధ్యారాణికి నీ సంగతి మొత్తం తెలుసు. మొన్న శుక్రవారమే చెప్పేశాను. నీ జవాబు కోసం ఆగుదామనుకున్నాను మొదట. ఆగితే, నువ్వు కోప్పడ్డావనో, క్షమించావనో చెప్పినట్టు అవుతుంది గానీ నా అంతట నేను చెప్పినట్టు అవ్వదు. అందుకని కార్తీకంలో వచ్చిన వాళ్ళందరినీ మళ్ళీ తాంబూలానికి పిలిచాను. బుచ్చయ్యపేట నుంచి చిన్నతల్లిని కూడా రప్పించాను. పసుపూ కుంకుమా ఇచ్చాక నిలబడి, "నాకు ముక్కు పోయింది. ఆ రోజు జాడీ కుళ్ళిపోయింది. నా కోడలు పారబోసి మీ అందరి కడుపులూ కాపాడింది. నేను దాన్ని అనకూడని మాటన్నాను" అని చెప్పాను. అచ్చియ్యమ్మ పెద్దమ్మ ఉందే, నోట్లో తాంబూలం పెట్టుకుంటూ, "ఏటే వరాలూ, ముక్కు నీది పోతే మాట ఆ గుంటకి పడిందా?" అంది. అందరూ నవ్వారు. ఈసారి నా మీద నవ్వారు, బాగానే ఉంది. సంధ్యారాణి మొహం చిన్నబుచ్చుకుని, "మరి సంతలోన నానన్న మాటకి ఏటి సెయ్యాలండీ?" అంది. "పారబోసిన కోడలు అనే అను, కాకపోతే కథ మొత్తం చెప్పు" అన్నాను.

సీసాలో గ్లాసుడు మిగిలింది. పొర ముక్క అడుక్కి అంటుకుని భద్రంగా ఉంది. కొత్త రసం తెచ్చి జాడీలో పోశాను, మూతికి గుడ్డ కట్టాను. ఆ గ్లాసుడులో ఉగాది పచ్చడికి నాలుగు గరిటెలు తీసి వేరే ఉంచాను. దానికి మూత బిగించాను, నువ్వు కంగారుపడకు.

పచ్చడి నువ్వే కలపాలి. పులుపు ఎంత పడాలో నీ ముక్కు చెబుతుంది. నా ముక్కు ఇప్పుడే ఓనమాలు దిద్దుతోంది. ఉత్తరంలో ఏం రాశావో మళ్ళీ రాయకు. తిట్టి ఉంటే వచ్చి ఎదురుగా తిట్టు, వింటాను. ఏదైనా అడిగి ఉంటే వచ్చి అడుగు. ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున్న బస్సుకి మీ మామయ్యగారు స్టాండులో ఉంటారు.

ఆ తడిసిన కాగితం ఎండబెట్టి పోపులపెట్టెలో పెట్టుకున్నాను. డాక్టరు చెప్పిన నాలుగింటితో పాటు అది అయిదోది. పొద్దునా సాయంత్రం అదే మొదట తీసి వాసన చూస్తున్నాను.

మీ అత్తయ్య